దేవుడు పోషిస్తాడన్న నమ్మకం: ఆ రొట్టె ఎవరి చేతుల మీదుగా వస్తుంది?

క్లుప్తంగా: "దేవుడే మన అవసరాలు తీరుస్తాడు" అన్న మాట మీద క్రైస్తవుల్లో పెద్దగా గొడవ లేదు. గొడవంతా ఆ అవసరం ఎవరికి చెప్పుకోవాలి, అప్పు చేయవచ్చా, జీతం తీసుకోవచ్చా, కానుక ఏ వైపు ప్రవహించాలి అన్న దగ్గరే. బైబిలు నేపథ్యం, బ్రిస్టల్‌లో జార్జి ముల్లర్ నడిపిన అనాథాశ్రమాలు, అక్కడి నుంచి గోదావరి జిల్లాలకు పాకిన పద్ధతి, ఒంగోలు కరువు అనుభవం, కానుక ఇస్తే పంటలా తిరిగొస్తుందనే ఇవాళ్టి "విత్తనం" బోధ పక్కపక్కన పెడితే ఈ తేడాలు తేటపడతాయి.

ఆటోల వెనక "యెహోవా యీరే" అని రాసి ఉండటం తెలుగు ఊళ్లలో మామూలే. అబ్రాహాము కథలో ఆ మాట వస్తుంది. మోరీయా కొండ మీద బలి ఇవ్వబోయిన కొడుకు స్థానంలో పొట్టేలు దొరికినప్పుడు అతడు ఆ చోటికి పెట్టిన పేరది. దేవుడు చూసుకుంటాడు అన్న ధీమాకు అది గుర్తు. అదే సమయంలో విశ్వాసులు పాస్టర్లను తరచుగా అడిగే ప్రశ్నలు కొంచెం వేరుగా ఉంటాయి. ఇన్సూరెన్స్ తీసుకుంటే అవిశ్వాసమా? పిల్లల ఫీజుకు అప్పు చేయవచ్చా? టీవీలో ప్రసంగీకుడు అడిగిన వెయ్యి రూపాయలు పంపకపోతే దీవెన ఆగిపోతుందా? వీటికి ఒక్కో సంఘంలో ఒక్కో జవాబు వస్తుంది. జవాబులు ఇంత దూరం దూరంగా ఉండటానికి కారణం ఒకే వాక్యాలను భిన్నమైన చరిత్రలు మోసుకురావడమే.

## కొండమీది ప్రసంగం విన్నవాళ్లు

మత్తయి సువార్త 6వ అధ్యాయం ఈ చర్చకు మూలం. "ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు కొట్లలో కూర్చుకొనవు, అయినను మీ పరలోకపు తండ్రి వాటిని పోషించుచున్నాడు" అని యేసు చెప్పిన మాటలు అక్కడివే. అవి ఎవరితో అన్నాడో చూస్తే అర్థం మారుతుంది. హేరోదు అంతిప పాలించిన గలిలయలో ఎక్కువమంది చిన్న రైతులు, కౌలుదారులు, జాలర్లు, రోజు కూలీలు. ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానంలో రోజు కూలి ఒక దేనారము. పొద్దున సంతవీధిలో నిలబడితే పిలిచేవాడు వస్తాడు, లేదా రాడు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న ప్రార్థన ఆ కూలి లెక్కలోనే ఇమిడిపోతుంది. నెల జీతం బ్యాంకులో పడే మనిషికి అది కవిత్వంలా వినిపించవచ్చు. అడ్డా మీద నిలబడే మేస్త్రీకి అది ఆ రోజు సంగతి.

ఆ ప్రసంగానికి వెనక ఇంకా పాత కథ ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా అనే ఆహారం దొరికిన తీరు నిర్గమకాండము 16లో వివరంగా ఉంది: తలకు ఒక ఓమెరు చొప్పున ఏరుకోవాలి, రేపటికి దాచుకుంటే పురుగు పడుతుంది, ఆరో రోజు మాత్రం రెట్టింపు ఏరుకుని మరుసటి విశ్రాంతి దినానికి ఉంచుకోవచ్చు. ఇక్కడ దేవుడి పోషణ ఆకాశం నుంచే వస్తోంది, అయినా దానికి కొలత ఉంది, గడువు ఉంది, ఎక్కువ పోగేసుకునేవాడి మీద అదుపు ఉంది.

కనాను చేరాక మన్నా ఆగిపోయింది. ఆ తర్వాతి పోషణ చట్టం ద్వారా నడిచింది. పొలం కోసేటప్పుడు మూలలు వదిలేయాలి, పరిగె (కోతలో రాలిన కంకులు) పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి అని లేవీయకాండము ఆజ్ఞాపించింది. విధవరాలైన రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకుని అత్తను పోషించింది ఆ చట్టం పుణ్యానే. ప్రవక్త ఏలీయాకు మొదట కాకులు రొట్టె తెచ్చాయి. వాగు ఎండిపోయాక దేవుడు అతణ్ని సారెపతులో ఒక పేద విధవరాలి ఇంటికి పంపాడు. ఆమె దగ్గర ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ప్రసంగాల్లో కాకులకు దొరికినంత సమయం ఆ విధవరాలికి దొరకదు. కానీ కథలో ఎక్కువ కాలం ప్రవక్త ఆకలి తీర్చింది ఆమె వంటగదే.

కొత్త నిబంధనలో పౌలు దగ్గరకు వచ్చేసరికి విషయం ఇంకా తేటగా ఉంది. "దేవుడు తన ఐశ్వర్యము చొప్పున... మీ ప్రతి అవసరమును తీర్చును" అన్న ఫిలిప్పీయులకు 4:19 వాక్యం క్యాలెండర్ల మీద తరచుగా కనిపిస్తుంది. దానికి ముందున్న వాక్యాలు క్యాలెండర్ ఎక్కవు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత తనకు పంపిన సాయానికి పౌలు కృతజ్ఞత చెబుతున్న సందర్భం అది. ఇచ్చినవాళ్లతో "మీ అవసరం దేవుడు తీరుస్తాడు" అంటున్నాడు. అంతకు ముందే అంతియొకయ సంఘం, క్లౌదియ కాలంలో వచ్చిన కరువులో యూదయ విశ్వాసులకు డబ్బు పంపింది. కొరింథీయులకు రెండో పత్రికలో యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ పౌలు ఎత్తిచూపిన వాక్యం మన్నా కథలోదే: "హెచ్చుగా కూర్చుకొనినవానికి ఎక్కువ మిగులలేదు, తక్కువగా కూర్చుకొనినవానికి తక్కువ కాలేదు." అరణ్యంలో అద్భుతం చేసిన పని ఇక మీదట సంఘాల మధ్య పంపకం చేయాలి అన్నది అతని వాదన. దేవుడి పోషణ గురించి కొత్త నిబంధనలో ఇంతకంటే కీలకమైన వాదన లేదనే చెప్పాలి.

## బ్రిస్టల్‌లో జీతం వదులుకున్న పాస్టర్

ఈ నమ్మకాన్ని ఆధునిక కాలంలో బహిరంగంగా పరీక్షకు పెట్టిన వ్యక్తి జార్జి ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టాడు. హాలె నగరంలో చదువుకున్నాడు. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అంతకు శతాబ్దం ముందు పెట్టిన పెద్ద అనాథాశ్రమం అక్కడే ఉంది, ముల్లర్ కొన్నాళ్లు అందులో బస చేశాడు కూడా. ఆ హాలె ఊరికి తెలుగువారితోనూ పాత బంధం ఉంది. మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టిన బెంజమిన్ షుల్జ్ ఆ హాలె మిషన్ మనిషే.

1829లో ఇంగ్లండు చేరిన ముల్లర్ 1830లో టీన్‌మత్ అనే సముద్రతీర పట్టణంలో చిన్న సంఘానికి పాస్టరయ్యాడు. అప్పట్లో ఇంగ్లండు చర్చీల్లో కూర్చునే బల్లలకు అద్దె ఉండేది. డబ్బున్నవాళ్లకు ముందు బల్ల, లేనివాళ్లకు వెనక బల్ల. పాస్టర్ జీతం ఆ అద్దె నుంచే వచ్చేది. ముల్లర్ అద్దె తీసేశాడు, దాంతోపాటు తన జీతమూ పోయింది. గుడిలో ఒక పెట్టె పెట్టి, ఇవ్వాలనుకున్నవాళ్లు అందులో వేయవచ్చు అన్నాడు. ఆ తర్వాత బ్రిస్టల్ వెళ్లి 1834లో బైబిళ్ల పంపిణీకి, బడులకు, మిషనరీల సాయానికి ఒక సంస్థ పెట్టాడు. 1836లో విల్సన్ వీధిలో అద్దె ఇంట్లో అనాథ బాలికల ఆశ్రమం తెరిచాడు.

అతను చెప్పిన కారణం గమనించదగ్గది. పిల్లల మీద జాలి ఒక కారణమే. అయితే ముఖ్య ఉద్దేశం వేరే అని స్వయంగా రాసుకున్నాడు: ముసలితనంలో ఏమైపోతామో అని భయపడే పనివాళ్లకు, నిజాయితీగా వ్యాపారం చేస్తే మునిగిపోతామని అనుకునే విశ్వాసులకు, దేవుడు ఇప్పటికీ ప్రార్థన వింటాడని కంటికి కనిపించే రుజువు చూపించాలి. 1835 డిసెంబరు 5న "నీ నోరు బాగుగా తెరువుము నేను దాని నింపెదను" అన్న 81వ కీర్తన వాక్యం చదివి వెయ్యి పౌండ్ల కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ మొత్తం 1837 జూన్ నాటికి పూర్తయింది. అందులో షిల్లింగులు ఉన్నాయి, పెన్నీలు ఉన్నాయి.

1849లో యాష్లీ డౌన్ అనే ఎత్తైన చోట సొంత భవనం తయారైంది. 1870 నాటికి అలాంటివి 5 అయ్యాయి, ఒకేసారి 2,000 మందికి పైగా పిల్లలు ఉండేంత చోటు. 1898లో ముల్లర్ చనిపోయేనాటికి పదివేల మందికి పైగా పిల్లలు ఆ ఆశ్రమాల నీడన పెరిగారు. అతని దగ్గర సొంత ఆస్తి దాదాపు ఏమీ మిగల్లేదు.

## ప్రార్థన ఒక్కటేనా?

పళ్లేలు ఖాళీగా ఉండగా పిల్లల్ని బల్ల ముందు కూర్చోబెట్టి స్తోత్రం చెబితే, అప్పుడే రొట్టెలవాడు తలుపు తట్టాడనీ పాలబండి చక్రం వాకిట్లోనే విరిగిందనీ చెప్పే కథ తెలుగు ప్రసంగాల్లోనూ బాగా తిరుగుతుంది. ముల్లర్ రాసిపెట్టుకున్న లెక్కలు చూస్తే మాత్రం రోజులు ఇంత నాటకీయంగా గడవలేదు. 1838 తర్వాతి కొన్నేళ్లు చేతిలో ఒక్కరోజు ఖర్చుకు కూడా చాలని డబ్బుతో గడిచాయి. ఆ ఇబ్బంది సమయంలో అతను మొదటిసారిగా ఆశ్రమంలో పనిచేసేవాళ్లకు పరిస్థితి చెప్పాడు. వాళ్లు కలిసి ప్రార్థించారు, తమ దగ్గర ఉన్నది తీసి ఇచ్చారు. దాతలు ఉంగరాలు, గడియారాలు, వెండి చెంచాలు పంపేవాళ్లు, వాటిని అమ్మి పిండి కొనేవాళ్లు.

ఈ ఏర్పాటును నిలబెట్టినవి మూడు నాలుగు గట్టి నియమాలు. అవసరం ఫలానా అని బయటివాళ్లకు చెప్పకూడదు, ఎవరైనా అడిగినా సరే. అప్పు చేయకూడదు. రొట్టెకూ పాలకూ వారానికోసారి లెక్క చూసే వాడుకను కూడా వదిలేసి ఏ రోజు డబ్బు ఆ రోజు కట్టాలన్న పద్ధతికి వచ్చాడు. ఒక పనికని వచ్చిన డబ్బు ఇంకో పనికి వాడకూడదు. వచ్చిన ప్రతి కానుకకూ రసీదు ఉండాలి, ఏటా లెక్కలు అచ్చు వేయాలి, దాత పేరు మాత్రం అచ్చు కాకూడదు.

విమర్శకులు పట్టుకున్నది ఆ చివరి నియమాన్నే. నోటితో అడగకపోయినా, "ఫలానా రోజు మా దగ్గర ఒక్క పెన్నీ కూడా లేదు, సాయంత్రానికి దేవుడు పంపాడు" అని అచ్చేసిన నివేదిక ఇంటింటికీ చేరితే అది అడిగినట్టే కదా అన్నారు. ఆ విమర్శలో బలం ఉంది. 1840లో బ్రిటన్‌లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్లే తపాలా వచ్చింది. పారిశ్రామిక నగరాల్లో చేతిలో డబ్బు ఆడుతున్న భక్తిపరుల మధ్యతరగతి పెరుగుతోంది. ముల్లర్ లాంటివాళ్లు కూడుకునే సహోదరుల (బ్రదరన్) సమాజాలు ఊరూరా ఉన్నాయి, వార్త ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు చేరుతుంది. ఇవన్నీ లేకుండా యాష్లీ డౌన్ భవనాలు లేచేవి అనుకోవడం కష్టం.

ముల్లర్ ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేదు. 1841 చివర్లో నివేదిక, వార్షిక కూడిక జరగాల్సిన సమయంలో డబ్బు లేదు. అప్పుడు కూడిక పెడితే కానుకలు వస్తాయని అందరికీ తెలుసు. అందుకే వాటిని నెలల తరబడి వాయిదా వేశాడు, ఆ నెలలు చాలా ఇబ్బందిగా గడిచాయి. ఇది విమర్శకు పూర్తి జవాబు కాదు, ఎందుకంటే పాత నివేదికలు అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయి. అయినా ఆదాయం తగ్గుతుందని తెలిసి కూడా నియమం వదలని మనిషి అని మాత్రం అది చూపిస్తుంది. అతని దృష్టిలో దేవుడు మనుషుల చేతులు వాడుకోవడంలో వింత లేదు. ఆ చేతుల్ని తాను తోయకూడదు, అంతే.

## గోదావరి ఒడ్డుకు చేరిన పద్ధతి

ముల్లర్ భార్య మేరీకి అన్నయ్య ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో మంచి రాబడి ఉన్న పళ్ల డాక్టరు. ఆస్తి వదులుకుని, ఏ మిషన్ సొసైటీ జీతం లేకుండా 1829లో బాగ్దాదు బయల్దేరాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చి అతని భార్యను బలి తీసుకుంది. 1833లో భారతదేశం వచ్చాడు. ఇంగ్లండు వెళ్లి 1836లో తిరిగి వస్తూ డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల్ని వెంట తెచ్చాడు. ఈ రెండు కుటుంబాలు మచిలీపట్నంలో దిగి, తర్వాత నరసాపురం చేరాయి. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. ఉభయ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్న సహోదర సంఘాల మూలం అక్కడే. ఆ సంఘాల్లో పనిచేసేవాళ్లను "విశ్వాసం మీద బతికే సేవకులు" అంటారు. నెల జీతం ఉండదు, ఏ సంఘం ఎంత ఇస్తుందన్న ఒప్పందం ఉండదు.

గ్రోవ్స్ సొంత కథ మాత్రం అంత సాఫీగా సాగలేదు. చిత్తూరులో భూమి తీసుకుని, పౌలు డేరాలు కుట్టినట్టు చేతిపని మీద నడిచే మిషన్ పెట్టాలనుకున్నాడు. పట్టు పెంపకం లాంటి ప్రయత్నాలు నష్టపోయాయి, అప్పులయ్యాయి. అవసరాలన్నీ దేవుడికే వదిలేయాలని రాసిన మనిషి చాలా ఏళ్లు బాకీల టెన్షన్‌తో గడపాల్సి వచ్చింది. ఈ సంగతి ప్రసంగాల్లోకి రాదు, వచ్చి ఉంటే బాగుండేది. జీతం మానేయడం ఒక్కటే రక్షణ కాదని, అప్పు వద్దన్న ముల్లర్ నియమం ఎంత బరువు మోస్తోందో అది చూపిస్తుంది.

ఇదే తరహా మళ్లీ బలంగా కనిపించింది 20వ శతాబ్దంలో భక్తసింగ్ ఉద్యమంలో. పంజాబులో 1903లో పుట్టిన భక్తసింగ్ మద్రాసులో 1941లో సొంత సంఘం ఆరంభించాడు. 1950ల నుంచి హైదరాబాదులోని హెబ్రోను ఆ ఉద్యమానికి కేంద్రం. సేవకులకు జీతం లేదు, విదేశీ సంస్థల పోషణ లేదు, అవసరం దేవుడికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలకు వేలమంది వచ్చి రోజుల తరబడి ఉండేవాళ్లు. అందరికీ భోజనం ఉచితమే. బియ్యం, కూరగాయలు, వంట పని, వడ్డన అంతా విశ్వాసులే చూసుకునేవాళ్లు. అవసరం బయటికి చెప్పరు, కానీ వేలమంది వస్తారని అందరికీ తెలుసు, ఎవరు ఏం తేవాలో ఏళ్ల తరబడి అలవాటైపోయింది. బ్రిస్టల్‌లో అచ్చు నివేదిక చేసిన పనిని ఇక్కడ ఆ పంక్తి భోజనం చేసింది.

## కాలువ తవ్విన విశ్వాసం

పక్కనే పూర్తిగా వేరే దారిలో నడిచిన ఉదాహరణ కూడా తెలుగు నేల మీదే ఉంది. 1876-78 కరువు మద్రాసు రాష్ట్రాన్ని తుడిచిపెట్టినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేస్తున్నాడు. సంఘంలో ఎక్కువమంది మాదిగలు, రోజు కూలీ మీద బతికేవాళ్లు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. ఇతర భాగాల్లో మేస్త్రీలు వాళ్లను తిట్టి, కూలి ఎగ్గొట్టి తరిమేస్తున్నారని తెలిసి, సర్వే పని కొంత తెలిసిన క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర శిబిరం వేసి బోధకుల్నే అజమాయిషీకి పెట్టాడు. పగలు మట్టి మోయడం, కూలి లెక్క చూడటం. విశ్రాంతి వేళల్లో ఆ బోధకులు తట్టల పక్కన కూర్చుని కొండమీది ప్రసంగం లాంటివి చెప్పేవాళ్లు.

ఇందులో రహస్య ప్రార్థన నియమం లేదు. అమెరికాలో సొసైటీకి ఉత్తరాలు రాసి డబ్బు అడిగాడు, ప్రభుత్వంతో కాంట్రాక్టు రాసుకున్నాడు. అయితే ఇంకోచోట ఒక గట్టి గీత గీసుకున్నాడు: కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువుకూ ఆ సంఖ్యకూ సంబంధం లేదని చెప్పలేం. క్లౌ గడువు ఆ సంబంధాన్ని వదులు చేసిందే తప్ప తెంచలేదు.

ఆ కరువులో లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ప్రార్థించినవాళ్లూ ఉన్నారు. "అవసరాలు తీరుస్తాడు" అన్న నమ్మకానికి ఎదురయ్యే అసలైన ప్రశ్న ఇదే, బైబిలు దాన్ని దాచలేదు కూడా. అగ్నిగుండం ముందు నిలబడిన షద్రకు, మేషాకు, అబేద్నెగో దేవుడు రక్షించగల సమర్థుడని చెప్పి, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. అంజూరపు చెట్టు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా ఆనందిస్తానని హబక్కూకు అన్నాడు. పౌలు తన కష్టాల జాబితాలో ఆకలిదప్పులనూ చేర్చాడు. ఈ వాక్యాలను పక్కకు నెట్టిన చోట నమ్మకం హామీ పత్రంగా మారిపోతుంది.

## విత్తనం బోధ ఎక్కడి నుంచి వచ్చింది

అలా మారిన రూపమే సమృద్ధి సువార్త. దాని బీజాలు అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ రచనల్లో ఉన్నాయి, కెనెత్ హేగిన్ దాన్ని ఉద్యమంగా పెంచాడు. ఓరల్ రాబర్ట్స్ రేడియో, టీవీల ద్వారా "విత్తన విశ్వాసం" అన్న మాటను ఇంటింటికీ చేర్చాడు. ముందు ఇవ్వు, పంట ఆశించు, అది నూరంతలుగా వస్తుంది అన్నది దాని సారం. తెలుగు క్రైస్తవ చానెళ్లలో, యూట్యూబ్ ప్రసారాల్లో "విత్తనం విత్తండి" అన్న పిలుపుకూ, తెర కింద కనిపించే క్యూఆర్ కోడ్‌కూ మూలం ఇదే.

పైకి చూస్తే ముల్లర్ చెప్పిందీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. రెండూ దేవుడి మీదే ఆధారపడమంటాయి. డబ్బు ఏ వైపు వెళ్తోందో చూస్తే తేడా బయటపడుతుంది. బ్రిస్టల్‌లో నమ్మకం భారమంతా తీసుకునేవాడి మీద ఉంది. అడగకూడనిది అతను, అప్పు చేయకూడనిది అతను, లెక్క చెప్పాల్సింది అతను. విత్తనం బోధలో భారం ఇచ్చేవాడి మీదికి మారింది. నమ్మకం చూపాల్సింది అతను, పంట రాకపోతే విశ్వాసం చాలలేదన్న నింద పడేదీ అతని మీదే. తీసుకున్నవాడు లెక్క చెప్పాల్సిన పని ఉండదు. డబ్బు పేద ఇంటి నుంచి వేదిక వైపు నడుస్తుంది. యెరూషలేము చందాలో పౌలు నడిపించిన దిక్కుకు అది సరిగ్గా ఎదురు.

ఈ బోధకు ఆధారంగా చూపే మలాకీ 3:10కీ ఇదే జరిగింది. పదియవ భాగం తెస్తే ఆకాశపు వాకిండ్లు విప్పుతానన్న మాట అందరికీ కంఠతా. అదే వాక్యంలో ఆ భాగం ఎందుకో కూడా ఉంది: "నా మందిరములో ఆహారముండునట్లు." ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం ప్రతి మూడో ఏటి పదియవ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు పెట్టాలి. అంటే దశమభాగం ఒక తిండి గిడ్డంగి ఏర్పాటు.

2010లో కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచ సువార్తిక క్రైస్తవుల లాసాన్ మహాసభ ప్రకటన సమృద్ధి సువార్తను తప్పుబట్టింది. తెలుగు సంఘాల మీద దాని ప్రభావం తక్కువే. ఈ బోధ పాకడానికి కారణం మోసం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆసుపత్రి బిల్లు, వడ్డీ వ్యాపారి, నిలకడలేని పని మధ్య నలిగే కుటుంబానికి "ఈ వారమే నీ వంతు" అన్న మాటలో ఉన్న ఊరట, పాత మిషన్ చర్చిలో వినిపించే క్రమబద్ధమైన ఆరాధనలో దొరకడం లేదు.

## పిడికెడు బియ్యం, విధవరాళ్ల నిధి

ఈ రెండు కొసల మధ్య పెద్దగా ప్రచారం లేని మూడో దారి ఉంది. దోర్నకల్ మేత్రాసనానికి 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, పేద పల్లె సంఘాలు కూడా తమ బోధకుల్ని తామే పోషించుకోవాలని పట్టుబట్టాడు. పంట పండుగల్లో ధాన్యం, కోళ్లు, గుడ్లు, కూరగాయలు కానుకగా వచ్చేవి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి దేవుడి కోసం వేరే కుండలో వేసే అలవాటు తెలుగు సంఘాల్లోనూ ఉంది. మిజోరంలో అయితే 1910లో ఆడవాళ్లు మొదలుపెట్టిన ఇదే పద్ధతి ఇవాళ అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి ముఖ్యమైన ఆదాయం.

ఇన్సూరెన్స్ ప్రశ్నకు కూడా చరిత్రలో ఒక జవాబు ఉంది. స్కాట్లండు చర్చి పాస్టర్లు 1744లో తమ విధవరాళ్ల కోసం ఒక నిధి పెట్టుకున్నారు. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు పాస్టర్లు ఏటా ఎంతమంది పాస్టర్లు చనిపోతారు, ఎంతమంది భార్యలు మిగులుతారు అని లెక్కగట్టారు. గణితవేత్త కోలిన్ మెక్‌లారిన్ ఆ లెక్క సరిచూశాడు. ఆధునిక జీవిత బీమా, పెన్షన్ లెక్కలకు అది తొలి మెట్లలో ఒకటి. ఆ ఇద్దరూ ఆదివారం దేవుడి సంరక్షణ గురించి ప్రసంగించేవాళ్లే, దాంట్లో వాళ్లకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. ముల్లర్ మాత్రం దాచుకోవడమే మానేశాడు. భక్తి ఎక్కువ తక్కువలతో ఈ తేడా తేలదు. ముల్లర్ తన ఒక్కడి జీవితాన్ని సాక్ష్యంగా నిలబెట్టాలనుకున్నాడు. వాలెస్, వెబ్‌స్టర్ ఆలోచించింది ఇంకా చనిపోని మనుషుల భార్యల గురించి.

## ఇక ముందు ఏం జరగవచ్చు

తెలుగు రాష్ట్రాల్లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) లాంటి పాత చర్చీల పాస్టర్లకు జీతం, విరమణ ఏర్పాట్లు ఏదో ఒక మేరకు ఉన్నాయి. స్వతంత్ర సంఘాల్లో చాలామందికి ఆదివారం కానుకే ఆధారం. 2020 లాక్‌డౌన్‌లో చర్చీలు మూతపడినప్పుడు ఈ తేడా ఒక్కసారిగా పైకి తేలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది అర్చకులు, ఇమాములతో పాటు పాస్టర్లకూ ₹5,000 ఒకసారి సాయం ఇచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకోవడం విశ్వాసానికి సరిపడుతుందా అన్న చర్చ స్వతంత్ర సేవకుల మధ్య సహజంగానే వస్తుంది. సారెపతు విధవరాలు ఇశ్రాయేలీయురాలు కాదన్న సంగతి అక్కడ ఒక వైపు వాదనకు పనికొస్తుంది.

విదేశీ డబ్బు దారి కూడా ఇరుకైంది. విదేశీ దాతల డబ్బుతో పేద పిల్లలకు సాయం చేసే కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో భారతదేశంలో పని ఆపేయాల్సి వచ్చింది. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణతో విదేశీ విరాళం ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ ద్వారా చిన్న సంఘానికి చేరే పాత గొలుసు దీంతో తెగింది. ఆ లోటు రెండు వైపులా లాగుతుంది. ఒకవైపు తెరల మీద విరాళాల పిలుపులు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. మరోవైపు పిడికెడు బియ్యం తరహా స్థానిక పోషణకు, వారం రోజులు ఉద్యోగం చేసి ఆదివారం సేవ చేసే పాస్టర్లకు చోటు పెరుగుతుంది.

ఈ రెండో రకం వాళ్లను "పూర్తికాల సేవకులు కారు, విశ్వాసం చాల్లేదు" అని చిన్నచూపు చూసే ధోరణి కొన్ని సంఘాల్లో ఉంది. పౌలు లెక్క చూస్తే ఆ చిన్నచూపుకు ఆధారం దొరకదు. అతను కొరింథులో అకుల దగ్గర డేరాలు కుట్టాడు, కొరింథువాళ్ల డబ్బు ముట్టలేదు, వాళ్లకు భారం కాకూడదని. అదే రోజుల్లో మాసిదోనియ నుంచి సహోదరులు తెచ్చిన సాయం మాత్రం తీసుకున్నాడు. ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరి దగ్గర వద్దు అన్నది ఊరును బట్టి, అక్కడ ఇచ్చేవాళ్లతో తనకున్న సంబంధాన్ని బట్టి తేల్చుకున్నాడు.